నేను నూరిన మక్కలు

నేను పుప్పాలగూడ సన్నికల్లును. ఖాజాగూడ గుట్టల నుంచి ఇటు నార్సింగి దాకా పరుచుకున్న గ్రానైట్ బండల్లో పుట్టాను. ఈ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. నాకు ఈ రూపం ఇచ్చింది ఒక వడ్డెర తాత. సమ్మెటా ఉలీ పట్టి బండను చీల్చాడు, నన్ను పలకగా చెక్కాడు, నాకు తోడుగా పొత్రాన్ని గుండ్రంగా తీశాడు. వాడగా వాడగా నా ముఖం నున్నబడేది. అప్పుడు ఆయనే వచ్చి ఉలితో గంట్లు కొట్టి మళ్లీ గరుకు చేసేవాడు. ఆ గరుకులోనే నా పనితనమంతా ఉంది.

నన్ను ఇంటికి తెచ్చుకున్నది ఈ ఊరి రైతు ఇంటి ఇల్లాలు. పెరట్లో పందిరి కింద నా చోటు. ఎల్లిగడ్డ కారం, నువ్వుల తొక్కు, అల్లం ముద్ద అన్నీ నా మీదే నూరేది. వానాకాలం లేత మక్క కంకులు దిగాయంటే నాకు తీరిక ఉండేది కాదు. ఒలిచిన గింజల్లో పచ్చిమిర్చి, ఎల్లిగడ్డ, జీలకర్ర, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా నూరి గారెలు కాల్చేది. ఎండుమక్కలను విసుర్రాయి రవ్వ చేసిపెడితే గటక వండేది. ఆ ఇంట్లో పెళ్లి జరిగినప్పుడు నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పెళ్లికూతురి కాలు నా మీద పెట్టించి మెట్టెలు తొడిగారు. అంత మర్యాద చూశాను.

తర్వాత మిక్సీ వచ్చింది. పొలాల మీద అపార్ట్‌మెంట్లు లేచాయి. నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులకు పోయే జనంతో ఊరి తోవలు నిండిపోయాయి. ఇల్లు ఫ్లాట్‌లోకి మారినా మా ఇల్లాలు నన్ను వదిలిపెట్టలేదు. ఇద్దరు మనుషుల చేత లిఫ్టులోకి ఎక్కించి, వంటింటి వెనక బాల్కనీలో పెట్టించింది. పసుపు కొమ్ము దంచడానికో, పండగపూట పచ్చడికో తప్ప నాతో పని పడేది కాదు.

మళ్లీ నాకు చేతినిండా పని తెచ్చింది ఆమె కోడలు. భర్త ఉద్యోగం వల్ల ఆ అమ్మాయి న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో కొన్నాళ్లు ఉండి వచ్చింది. ఆ నగరానికి దగ్గర్లోనే, విక్టర్ అనే ఊళ్లో, గనోండగన్ ఉంది. అది అమెరికా ఆదివాసులైన సెనెకా జాతివాళ్ల పాత పట్నం. 1687లో ఫ్రెంచి సైన్యం దండెత్తి వచ్చి వాళ్ల మక్క గాదెలనూ, చేలలో నిలబడ్డ పైరునూ నాశనం చేసింది. ఆ జాతి నిలబడింది, వాళ్ల తెల్లమక్క విత్తనమూ నిలబడింది. ఇవాళ అదే గనోండగన్‌లో ఆ మక్కను పాత పద్ధతిలో ఉడికించి, పొట్టు తీసి, ఎండబెట్టి జనానికి అందిస్తున్నారు. మా కోడలు అక్కడ చూసి నేర్చుకున్న వంటను పుప్పాలగూడ వంటింట్లో మొదలుపెట్టింది.

సిద్దిపేట నుంచి వచ్చిన ఎండుమక్కలు ఒక కిలో తీసుకుంది. స్వీట్‌కార్న్ ఈ పనికి రాదు, బాగా ఎండిన గట్టి గింజే కావాలి. స్టీలు గిన్నెలో మూడు లీటర్ల నీళ్లు పోసి, అందులో పది గ్రాముల తినే సున్నం కలిపింది. అల్యూమినియం గిన్నెతో సున్నానికి పడదు.

"మక్కల్ల సున్నం ఏంది బిడ్డా?" అని అత్తమ్మ దగ్గరికొచ్చి అడిగింది.

"పొట్టు ఊడనీకి అత్తమ్మా. గక్కడ కట్టెల బూడిద వేస్తరు. మెక్సికోల అయితే సున్నం వేస్తరు. ఏదేసినా పని ఒక్కటే."

"ఆకుల పెట్టుకునే సున్నమే గదా! కొంచమే ఎయ్యి, నోరు పొక్కుతది."

ముప్పావుగంట సన్నటి మంట మీద ఉడికించి, పొయ్యి ఆపి, రాత్రంతా అట్లాగే ఉంచింది. తెల్లారేసరికి నీళ్లు చిక్కటి పసుపు రంగుకు తిరిగాయి. గింజను రెండు వేళ్ల మధ్య నలిపితే పొట్టు జారిపోయింది. సున్నం జిగురు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడిగి, తడి గింజలను నా మీద పోసింది. పొత్రం మొదటిసారి తిరిగితే గింజ పగిలింది. రెండోసారికి తడిరవ్వ అయింది. మూడోసారికి నా మీది నుంచి ఊడి రాకుండా అంటుకుపోయే ముద్ద అయింది. మామూలు మక్క పిండికి ఈ పట్టు ఉండదు, రొట్టె చేయబోతే విరిగిపోతుంది. సున్నం తగిలిన గింజ తనంతట తనే ముద్ద కడుతుంది. మిక్సీలో వేస్తే తిరగడానికి నీళ్లు ఎక్కువ పోయాలి, ముద్ద జారుగా అవుతుంది. రాతికి చెంచాడు నీళ్లు చాలు. మెక్సికోలో మూడు కాళ్ల మీద నిలబడే నల్లరాతి మెటాటే వేల ఏళ్లుగా ఈ పనే చేస్తోందని కోడలు చెబుతుంటే విన్నాను. నా తోబుట్టువు అక్కడొకటి ఉందని తెలిసి నా మనసు నిండిపోయింది.

ఇక చిక్కుళ్ల వంతు. విశాఖ మన్యంలో చింతపల్లి చుట్టుపక్కల పండే రాజ్మా గింజలను రాత్రే నానబెట్టింది. ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా తెర్లించి మెత్తగా ఉడికించింది. రాజ్మాను కనీసం పది నిమిషాలన్నా బుడబుడా మరగనివ్వకపోతే అందులోని విషం విరగదు, వాంతులు పట్టుకుంటాయి. ఉడికిన గింజలను మక్క ముద్దలో కలిపి, వేడినీళ్లు చిలకరించి, అరచేతి మందాన గుండ్రటి బిళ్లలు ఒత్తి, మరిగే నీళ్లలో వదిలింది. అవి అడుగు నుంచి పైకి తేలి, లోపలిదాకా ఉడికాక తీసింది. సెనెకాలూ, వాళ్లతో కలిసి హొడెనొషొని కూటమిగా ఉన్న తక్కిన జాతులూ తరతరాలుగా తింటున్న రొట్టె ఇదే. అత్తమ్మ ఒక ముక్క విరిచి వెన్న రాసుకుని తిన్నది. "కుడుము లెక్కనే ఉంది. కడుపు నిండుతది" అని ఇంకో ముక్క అందుకుంది.

ఆ తర్వాత ఇంకో వంట మొదలైంది. లేత మక్క గింజలు, లిమా చిక్కుళ్లు కలిపి ఉడికించే సక్కొటాష్ అమెరికా ఈశాన్య తీరపు ఆదివాసుల నుంచి వచ్చింది. లిమా బదులు మా కోడలు అనపగింజలు వేస్తుంది. చివర్లో గుమ్మడి ముక్కలు, కాస్త వెన్న, మిరియాల పొడి. మక్క గుడాలు, బొబ్బర గుడాలు తిని పెరిగిన ఈ ఇంటికి ఆ గిన్నె ఎన్నడూ కొత్తగా తోచలేదు.

మక్క, చిక్కుడు, గుమ్మడి ఈ మూడింటినీ సెనెకాలు అక్కచెల్లెళ్లంటారు. మూడూ ఒకే మడిలో పెరుగుతాయి. మక్క కర్రను పట్టుకుని చిక్కుడు తీగ పాకుతుంది. చిక్కుడు వేర్లలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు కట్టబెడతాయి. గుమ్మడాకులు నేలను కప్పి తడి ఆరకుండా, కలుపు లేవకుండా కాస్తాయి. కంచంలోనూ వాటి పొత్తు అట్లాంటిదే. మక్కలో లైసిన్ తక్కువ, చిక్కుడు గింజలో ఎక్కువ. రెండూ కలిస్తే ఒంటికి పట్టే మాంసకృత్తులు అందుతాయి.

ఈ పొత్తు విడిపోతే ఏమవుతుందో లోకం చూసింది. మక్క సముద్రం దాటి యూరప్‌కు వెళ్లింది, సున్నం వెళ్లలేదు. మక్కలోని నియాసిన్ అనే విటమిన్ చాలావరకు ఒంటికి అందకుండా బిగిసి ఉంటుంది, సున్నమో బూడిదో వేసి ఉడికిస్తే విడివడుతుంది. ఆ సంగతి తెలియక మక్క ఒక్కటే తిని బతికిన పేదలకు పెల్లాగ్రా వచ్చింది. ఎండ తగిలిన చోటల్లా చర్మం పగిలి, విరేచనాలు పట్టి, మతి చెదిరి చనిపోయేవారు. 1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ ఈ జబ్బును రాసిపెట్టాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాది పత్తి మిల్లు కూలీల ఇళ్లను అది కుదిపేసింది. అది అంటువ్యాధి కాదు, తిండి లోపమని 1914 నుంచి జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ రుజువు చేస్తూ వచ్చాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ దానికి మందు నికోటినిక్ ఆమ్లమని, అంటే నియాసినేనని తేల్చాడు.

హైదరాబాదుకూ ఈ కథలో చోటుంది. దక్కనులో జొన్న మీదే బతికిన పేదల్లోనూ పెల్లాగ్రా కనిపించింది. తార్నాకలోని పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య దాన్ని పట్టి చూశారు. జొన్నలో ల్యూసిన్ మోతాదు మించి ఉండటమే ఇందుకు దోవ తీస్తోందని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ పరిశోధనాలయమే 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఒక్క గింజ మీదే బతికితే ముప్పని ఈ ఊరి పరిశోధన కూడా చూపింది.

నేను చెప్పదలచుకున్నదీ అదే. విత్తనం వచ్చినంత మాత్రాన తిండి వచ్చినట్టు కాదు, దాన్ని వండే విద్య కూడా వెంట రావాలి. ఆ విద్యను కాపాడింది పెరట్లో బూడిదతో, సున్నంతో, రాతితో పని చేసిన ఆడవాళ్లు. ఈసారి ఎండుమక్కలు కొన్నప్పుడు గుప్పెడు రాజ్మానో బొబ్బర్లో కూడా కొనండి, పాన్ డబ్బాలో కొంచెం సున్నం అడగండి. మీ ఇంట్లో నాలాంటి రాయి ఉంటే గంట్లు కొట్టించి కడిగి పెట్టుకోండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, పొత్రం వాళ్ల చేతికిచ్చి నూరించండి.