చల్లారని చాప

ఉద్యోగానికీ సంసారానికీ పొత్తు కుదరక హైటెక్ సిటీ దంపతులు కౌన్సెలర్ల గుమ్మాలు అరగదీస్తున్నారట. ఎందుకండీ ఆ ఫీజులు? రైలెక్కి సూరత్ రండి. లింబాయత్, డిండోలీ గల్లీల్లో మన తెలంగాణ నేతన్నల ఇళ్లలో ఆ చిక్కు ఎప్పుడో విడిపోయింది.

ఇంటాయనది సాంచాల (మరమగ్గాల) మీద నైట్ పాళీ, 12 గంటలు. పొద్దున ఆయన చాప మీద వాలేసరికి ఆమె లేచి ఉంటుంది. రాత్రి ఆమె నడుం వాల్చేసరికి ఆయన సాంచాల మధ్య ఉంటాడు. చాప ఒక్కటే, చల్లారదు. పోట్లాడుకుందామన్నా ఇద్దరూ ఒకేసారి మేలుకుని ఉండరు.

వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు సెలవిచ్చారు. మావాడు ఆరు రోజుల్లోనే 72 కొట్టేశాడు. పద్మ అవార్డు మాత్రం దారి తప్పింది. ఇంట్లో కూచుని భార్యను ఎంతసేపు చూస్తారని ఎల్ అండ్ టీ అధిపతి వాపోయారు. అయ్యా, మావాడు తీరిగ్గా చూసి ఎన్నాళ్లయిందో!

2025లో గుజరాత్ ప్రభుత్వం చట్టం మార్చింది: రోజుకు 12 గంటల దాకా పని చేయించుకోవచ్చు, వారానికి 48 దాటకూడదు. సాంచాల సేఠ్ 12ను భక్తిగా చదివాడు. 48 దగ్గరకు వచ్చేసరికి కరెంటు పోయింది.

ఇక ఆమె. రింగ్ రోడ్ మార్కెట్ చీరల మూట ఇంటికే వస్తుంది. స్టోన్లు అతికించాలి, లేసు కుట్టాలి, దారాలు కత్తిరించాలి. కూలి చీర లెక్కన. 2020లో సాఫ్ట్‌వేర్ వాళ్లు కనిపెట్టిన వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఆమె అప్పటికే సీనియర్. 50 మంది పనిచేసేచోట పిల్లల్ని చూసుకునే గది ఉండాలంది 2017 చట్టం. ఇక్కడున్న ఉద్యోగి ఒక్కతే. అందుకే చంటిది ఒళ్లో, గమ్ము డబ్బా పక్కన. పెద్దపిల్ల కార్పొరేషన్ తెలుగు బడి నుంచి రాగానే జీతంలేని అసిస్టెంటు.

దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు, ఇంటిపని చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని 2024 సర్వే తేల్చింది. ఆ 88 నిమిషాల మహానుభావుడు ఈ గల్లీకైతే రాలేదు.

రేపు జనాభా లెక్కలాయన వస్తాడు. "ఆమె ఏం పని చేస్తది?" అంటాడు. ఈయన చాప మీంచే జవాబిస్తాడు:

"ఏం చెయ్యది సార్. ఇంట్ల ఖాళీగనే ఉంటది."

లెక్కలాయన రాసుకుని వెళ్తాడు. ఆమె తలెత్తదు, సాయంత్రానికి మూట అప్పజెప్పాలి మరి.