మా రోజుల్లో వరదకు శాతాలు లేవు

2024 సెప్టెంబరులో బెజవాడ మునిగి అప్పటికి నెల తిరగలేదు. సింగ్‌నగర్ వైపు గోడల మీద బురద చారలు ఇంకా ఆరలేదు. మా రెండోవాడు ఫ్లాటు చూద్దామంటే వెంట వెళ్లాను. చూపించడానికి వచ్చినాయన గేటు దగ్గరే అభయమిచ్చేశాడు. "వందేళ్లకోసారి వచ్చే వరద వచ్చి పోయింది మాస్టారూ. ఇక మీ మనవలు కూడా చూడరు."

ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. అప్పుడు బెత్తం చేతిలో లేకపోవడం ఆయన అదృష్టం.

మా రోజుల్లో ఈ భాష లేదు. పెద్ద వాన కురిస్తే "మా తాత కూడా చూళ్లేదు" అనేవాళ్లు. అందులో ఓ నిజాయితీ ఉండేది. నేను చూసింది ఇంత, తాత చెప్పింది అంత, ఆపైన సంగతి నాకు తెలీదు అని ఒప్పుకోవడమే కదా అది. ఇప్పుడు నలభై, యాభై ఏళ్ల వాన లెక్కలు ముందేసుకుని ఇది ఐదొందల ఏళ్లకోసారి, అది వెయ్యేళ్లకోసారి అంటున్నారు. ఆ లెక్క వేసినవాళ్లు ఎంత తప్పు ఉండొచ్చో కూడా పక్కనే రాస్తారు, వాళ్లననను. ఆ పక్కన రాసింది టీవీ దాకా రాదు. "కనీవినీ ఎరుగని" అన్న ముక్క మాత్రం వస్తుంది, ఏటా వస్తుంది. ఏటా కంటూ వింటూ ఉన్నది కనీవినీ ఎరుగనిది ఎలా అవుతుందో నాకర్థం కాదు.

మాది దివిసీమ. ముసురు పట్టిన రాత్రుళ్లు మా నాయనమ్మ బందరు ఉప్పెన గురించి చెప్పేది. 1864 నవంబరు 1న సముద్రం ఊరి మీదికొచ్చి దాదాపు ముప్పై వేలమందిని తీసుకుపోయింది. ఆవిడా చూసింది కాదు, వాళ్ల నాయనమ్మ చెప్పింది. మా పిల్లలకైతే అదీ బకాసురుడి కథా ఒకటే. 1977 నవంబరు 19న ఆ కథ మా సీమకే వచ్చింది. పదివేల మంది అని సర్కారు లెక్క. శవాలు లాగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ లెక్క నాకు ఇప్పటికీ తక్కువగానే అనిపిస్తుంది.

రెంటికీ మధ్య 113 ఏళ్లు. "ఇక మన జన్మకు లేదు" అని మా వాళ్లూ అనుకున్నారు. ఫ్లాటాయన్ని తిట్టేముందు ఇదీ ఒప్పుకోవాలి. 1990 మే 9న మళ్లీ పెద్ద తుపాను మా తీరం మీదే దిగింది. ఈసారి 13 ఏళ్లైనా కాలేదు. అయితే ముందుగా చెప్పి జనాన్ని ఖాళీ చేయించారు కాబట్టి పోయినవాళ్లు వెయ్యిలోపే. ఈ ఒక్క విషయంలో కొత్త కాలానికి దణ్ణం పెడతాను. హెచ్చరిక మాకు అందలేదు, మీకు అందుతోంది.

నా దెబ్బలాటంతా ఆ "వందేళ్ల" మాటతోనే. వందేళ్ల వరద అంటే వందేళ్లు ఆగి వచ్చేదని కాదు నాయనా. ఏ ఏడు చూసినా నూటికి ఒకపాలు రావచ్చునని. అష్టాచెమ్మాలో ఇప్పుడే అష్టా పడిందని గవ్వలు గుర్తుపెట్టుకుని తర్వాతి పందెంలో మానేస్తాయా? ఇరవై ఏళ్ల ఇంటి అప్పు తీరేలోగా ఆ వరద ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 18. ముప్పై ఏళ్లకు 26. వంద పాళ్లు ఖాయమనుకునే వందేళ్లకేమో 63 మాత్రమే. పదో తరగతి పిల్లాడు కాగితం మీద వేయగల లెక్క. బ్యాంకువాళ్లు మనచేత ముప్పై సంతకాలు పెట్టిస్తారు గానీ ఈ ఒక్క అంకె చెప్పరు.

ఇంకో తిరకాసుంది. మీ ఏటికి వందేళ్ల వరద రావడం అరుదు. కానీ ఒకదానితో ఒకటికి సంబంధం లేని వంద ఏర్లున్నాయనుకోండి, ఏటా ఏదో ఒక ఏటికి రావడం మామూలు. లాటరీ మనకు తగలదు, ఎవరికో ఒకరికి తగులుతుంది. రెంటినీ ఒకే గాటన కట్టి "అసాధ్యం, అసాధ్యం" అని గుండెలు బాదుకుంటారు. ఇప్పటి ములుగు జిల్లా వాజేడులో 2013 జులైలో ఒక్క రోజులో 51.75 సెంటీమీటర్లు కురిస్తే తెలంగాణ ప్రాంతంలో అదే పెద్ద వాన అన్నారు. సరిగ్గా పదేళ్లకు, 2023 జులైలో, అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 64.98 పడింది. ఫలానా ఊళ్లోనే పడాలంటే మహా అరుదు. ఎక్కడో ఒకచోట పడాలంటే అంత అరుదేమీ కాదు.

పైగా గవ్వలే మారిపోతున్నాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ మోస్తుందట. పాత వానల లెక్కతో కొత్త వానను కొలవడమంటే, ఒక గవ్వలో ఎవరో సీసం పోశాక కూడా నిన్నటి పందెమే కాయడం. మా నాయనమ్మ మాట కూడా ఇక్కడ చెల్లదు, అదీ పాత గవ్వల సంగతే.

ప్రకాశం బ్యారేజీ దగ్గర 2009లో 11.10 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అప్పుడూ ఇక ఇంతకు మించి రాదన్నారు. పదిహేనేళ్లకు 11.43 లక్షలు వచ్చాయి. అసలు తమాషా ఏమిటంటే, అందరి కళ్లూ ఆ బ్యారేజీ మీదుంటే సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణమ్మ కాదు, గట్లకు గండ్లు పడ్డ బుడమేరు వాగు. దాన్ని బెజవాడ దుఃఖదాయని అని మా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. శాతం కట్టకుండానే పెట్టిన పేరది.

మావాడు నా మాట వినలేదు. అక్కడే కొన్నాడు, రెండో అంతస్తులో. గృహప్రవేశం నాడు మెట్ల పక్కన, నీళ్లు ఎంతదాకా వచ్చాయో వాచ్‌మన్‌ని అడిగి బొగ్గుతో గీత గీశాను. మొన్న సంక్రాంతికి రంగులు వేయించి దాన్ని కప్పేశారు. మళ్లీ గీశాను. ఈసారి మేకుతో.