దెయ్యానికి కాదు, రాజుగారికి బాకీ

2010 జనవరి 12న హైతీలో భూమి కంపించింది. పోర్టోప్రిన్స్ శిథిలాల కింద మనుషులు ఇంకా మూలుగుతుండగానే, మర్నాటికల్లా అమెరికా టీవీ ప్రబోధకుడు పాట్ రాబర్ట్‌సన్ కారణం కనిపెట్టేశారు. భూమి పొరల గొడవేమీ కాదట. ఫ్రెంచివాళ్ల బారి నుంచి విడిపించమని హైతీ జనం ఒకప్పుడు దెయ్యంతో ఒప్పందం చేసుకున్నారట. ఆ పాపమే వెంటాడుతోందట. అప్పట్లో ఏలినవాడెవరయ్యా అంటే, మూడో నెపోలియనో ఎవరో అన్నారాయన. హైతీ స్వతంత్రమైంది 1804లో. మూడో నెపోలియన్ పుట్టింది 1808లో. ఇంకా తల్లి కడుపులో కూడా పడని పిల్లవాడి మీద తిరగబడి గెలిచారంటే, దెయ్యం సాయం లేకుండా అయ్యే పని కాదు. ఒప్పుకోవాల్సిందే.

పోనీ, ఆయన పాతకాలపు మనిషి. చదువుకున్నవాళ్ల మాట విందామంటే, 2024 నవంబరులో జీ20 సభలకు రియో వెళ్లిన ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ వీధిలో నోరుజారి కెమెరాకు దొరికిపోయారు. హైతీని చంపింది హైతీవాళ్లేనన్నారు. అక్కడి పెద్దలకు బొత్తిగా బుద్ధిలేదని, అచ్చు వేయడానికి వీల్లేని మాటొకటి కూడా వాడారు. ఒకరు దెయ్యమన్నారు, ఒకరు తెలివితక్కువతనమన్నారు. నేరం మాత్రం ఇంట్లోవాళ్లదేనని ఇద్దరూ తేల్చారు.

అసలు సంగతేమిటంటే, హైతీకి నిజంగానే ఒక ఒప్పందం ఉంది. దాని మీద సంతకం మాత్రం దెయ్యానిది కాదు, ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్‌ది. తేదీ 1825 ఏప్రిల్ 17.

అక్కడికి వెళ్లేముందు కొంచెం వెనక్కి. 1697లో స్పెయిన్ హైతీ ఉన్న దీవిలో పడమటి భాగాన్ని ఫ్రాన్స్‌కు వదిలేసింది. సాన్‌డొమింగ్ అని పేరు పెట్టి ఫ్రెంచివాళ్లు అక్కడ నాగరికత నాటారు. అది చెరుకు రూపంలో, కాఫీ రూపంలో మొలిచింది. 1789 నాటికి యూరప్ తాగే కాఫీలో సగానికి పైగా, తినే పంచదారలో నలభై శాతం దాకా ఆ ఒక్క చోటి నుంచే వెళ్లేది. ఉమ్మడి అనంతపురం, కడప జిల్లాలు కలిపితే హైతీ కంటే పెద్దవి. అంత చిన్న నేలలో సుమారు అయిదు లక్షల మంది ఆఫ్రికన్ బానిసలు పనిచేసేవారు. వాళ్లు అక్కడ బిడ్డల్ని కని పెంచేంత కాలం బతికేవాళ్లు కాదు కాబట్టి, ఏటా కొత్త ఓడలు రావాల్సి వచ్చేది.

చట్టం లేని అరాచకం అనుకునేరు. శ్రీమాన్ పద్నాలుగో లూయీ 1685లోనే 'నల్ల చట్టం' రాయించారు. బానిస చరాస్తి అని అందులో స్పష్టంగా ఉంది. బల్లలు, కుర్చీల లెక్క. కాకపోతే కుర్చీ పారిపోదు. అందుకని పారిపోయి నెల దాటితే చెవులు కోసి, భుజం మీద రాచముద్ర కాల్చాలన్నారు. రెండోసారికి మోకాలి వెనక నరం తెగ్గోసి, రెండో భుజం. మూడోసారికి మరణం. ఇదే చట్టం బానిసలందరికీ బాప్తిస్మం ఇప్పించి తీరాలని కూడా ఆదేశించింది. శరీరానికి ఏమైనా ఆత్మకు లోటు రాకూడదు కదా!

1791 ఆగస్టులో బానిసలు తిరగబడ్డారు, ఉత్తరపు మైదానంలో చెరుకు తోటలు తగలబడ్డాయి. మానవ హక్కుల ప్రకటన చేసి రెండేళ్లు కూడా నిండని పారిస్ ఉలిక్కిపడింది. ఆ ప్రకటనను ఇంత దూరంలో, ఇంత శ్రద్ధగా చదివేవాళ్లు ఉంటారని అది ఊహించలేదు. 1794లో బానిసత్వాన్ని రద్దు చేసింది. 1802లో నెపోలియన్ (మొదటివాడే) ఆ రద్దును రద్దు చేశాడు. అప్పటికే చెల్లెలి మొగుడు లెక్లర్క్‌ను సైన్యంతో పంపి ఉన్నాడు. తిరుగుబాటు నాయకుడు టూసాన్ లూవెర్తూర్‌ను చర్చలకని పిలిచి, కట్టి ఓడెక్కించారు. ఆ ఉష్ణదేశపు మనిషి 1803 ఏప్రిల్‌లో జూరా కొండల్లోని ఓ చల్లటి కోటలో ప్రాణం విడిచాడు. లెక్లర్క్ అంతకుముందే పచ్చజ్వరంతో పోయాడు. తర్వాత వచ్చిన రోషాంబో మనుషుల మీదికి ఉసిగొల్పడానికి క్యూబా నుంచి వేటకుక్కల్ని కొని తెప్పించాడు. అవీ ఆదుకోలేదు. 1803 నవంబరు 18న వెర్టియేర్ దగ్గర ఫ్రెంచి సైన్యం ఓడింది. 1804 జనవరి 1న తిరుగుబాటు సేనాని డెస్సలీన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు. ఆ తర్వాత కొన్ని నెలల్లో, మిగిలి ఉన్న ఫ్రెంచివాళ్లను ఊళ్లవారీగా చంపించాడు కూడా. అది దాచాల్సిన పని లేదు, దాన్ని ఎవరూ దాచనూ లేదు. రెండు శతాబ్దాలుగా హైతీ పేరెత్తితే మొదట చెప్పేది అదే. కుక్కల కథే ఎప్పుడూ ఆలస్యంగా గుర్తొస్తుంది.

మనుషులంతా సమానులని రాసిన అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్‌గారు 1806లో హైతీతో వ్యాపారాన్ని నిషేధించారు. అమెరికా ఆ దేశాన్ని గుర్తించడానికి 1862 దాకా ఆగాల్సి వచ్చింది. సరే, ఇక బిల్లు దగ్గరికొద్దాం.

1825 జూలైలో బారన్ మకో అనే దూత యుద్ధనౌకలతో పోర్టోప్రిన్స్‌కు వచ్చాడు. చేతిలో రాజుగారి ఫర్మానా. మూడే మూడు అంశాలు. ఫ్రెంచి సరుకుకు సుంకం సగమే వేయాలి. పాత యజమానుల నష్టాలకు 15 కోట్ల ఫ్రాంకులు అయిదు సమాన వాయిదాల్లో కట్టాలి. ఇవి ఒప్పుకుంటే రాజుగారు స్వాతంత్ర్యం ప్రసాదిస్తారు. ఎవరికి? 'సాన్‌డొమింగ్ దీవి ఫ్రెంచి భాగంలోని ప్రస్తుత నివాసులకు'. గెలిచి 21 ఏళ్లయిన దేశం పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు. రాజుగారి దృష్టిలో వాళ్లింకా అద్దెకున్నవాళ్లే. ప్రస్తుత నివాసులు!

ఇదే ఫ్రాన్స్ 1803లో లూసియానాను అమెరికాకు అమ్మింది. ఇవాళ్టి 15 అమెరికా రాష్ట్రాల్లో పరచుకున్న నేల అది. ధర 8 కోట్ల ఫ్రాంకులు. రెండు రాయలసీమ జిల్లాలంత కూడా లేని హైతీకి, అదీ అప్పటికే చేజారిపోయినదానికి, 15 కోట్లు. నేల ధర అనుకుంటే ఈ లెక్క అర్థం కాదు. అక్కడి మనుషుల ఖరీదు కూడా అందులో కలిసి ఉంది. యజమాని తన్నులు తిన్నవాడి నుంచే, తన్నే హక్కు పోయినందుకు పరిహారం తీసుకున్నాడన్నమాట. రేవులో ఫిరంగులు కనిపిస్తుండగా హైతీ అధ్యక్షుడు బోయే సంతకం పెట్టాడు.

మొదటి వాయిదా మూడు కోట్లు. ఖజానాలో అంత లేదు. కంగారు పడకండి, అప్పు ఇస్తామని పారిస్ బ్యాంకులు ముందుకొచ్చాయి. మన సంతల్లో వారం వడ్డీ ఫైనాన్సువాడు పదివేలు రాయించుకుని, వడ్డీ ముందే కోసుకుని, ఎనిమిదివేలు చేతిలో పెట్టినట్టు, మూడు కోట్లకు రాయించుకుని 60 లక్షలు కమీషనుగా మినహాయించుకుని 2 కోట్ల 40 లక్షలు ఇచ్చాయి. ఇచ్చాయంటే ఇవ్వలేదు లెండి. పారిస్‌లో ఒక గల్లా నుంచి పక్క గల్లాలోకి మార్చాయి. హైతీ దాకా వచ్చింది అప్పు మాత్రమే. ఫ్రాన్స్‌కు కట్టాల్సిన పరిహారం, దాన్ని కట్టడానికి ఫ్రాన్స్‌లోనే చేసిన బాకీ: గోరుచుట్టు మీద రోకటిపోటు. మరుసటి ఏడాది, 1826లో, బోయే రైతుల్ని తోటలకు కట్టిపడేసే గ్రామీణ చట్టం తెచ్చాడు. విముక్తి వాయిదాలు కట్టడానికి కాఫీ కావాలి, కాఫీకి వెట్టి కావాలి.

1838లో ఫ్రాన్స్ జాలిపడి మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించింది. అసలు పరిహారం 1888 నాటికి తీరింది. దానికోసం చేసిన అప్పుల తోక 1947 దాకా సాగింది. మనం ఎర్రకోట మీద జెండా ఎగరేసుకున్న ఏడాది అది. మధ్యలో 1914 డిసెంబరులో అమెరికా మెరైన్లు హైతీ జాతీయ బ్యాంకులోంచి 5 లక్షల డాలర్ల బంగారాన్ని న్యూయార్క్‌కు ఎత్తుకుపోయారు, భద్రత కోసమట. మరుసటి ఏడాది వాళ్లే వచ్చి 19 ఏళ్లు కూర్చున్నారు.

ఇది ఫ్రాన్స్ ఒక్కదాని ఆచారమేమీ కాదు. 1833లో బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేసి 2 కోట్ల పౌండ్ల పరిహారం ప్రకటించింది, యజమానులకు. బానిసలకు మరికొన్నేళ్లు 'అప్రెంటిస్' వెట్టి. మారిషస్ తోటల దొరలకూ వాటా అందింది. ఖాళీ అయిన తోటల్లోకి మన కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లను ఓడలెక్కించారు. ఆ పరిహారం కోసం చేసిన అప్పును బ్రిటిష్ పన్ను చెల్లింపుదారులు 2015లో తీర్చి ముగించారు.

హైతీ పాలకులు బంగారు కొండలని నేననడం లేదు. డువాలియే తండ్రీకొడుకులు 29 ఏళ్లు దేశాన్ని పీల్చి పిప్పి చేశారు. 1986లో జనం తరిమితే కొడుకు దర్జాగా వెళ్లి తలదాచుకున్నది ఎక్కడో తెలుసా? ఫ్రాన్స్‌లోనే. ఆ పాత పద్దుకు అదొక చిన్న రాయితీ కాబోలు.

2003లో హైతీ అధ్యక్షుడు అరిస్టీడ్ లెక్క కట్టి, తిరిగివ్వమన్నాడు: 2,168 కోట్ల 51 లక్షల 35 వేల 571 డాలర్ల 48 సెంట్లు. ఆ 48 సెంట్లు చూసి పారిస్‌లో నవ్వుకున్నారు. చిల్లరతో సహా వసూలు చేసినవాళ్లకు చిల్లర అడిగితే నవ్వొచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆయన్ను అమెరికా విమానమెక్కించి దేశం దాటించారు. 2015లో ఫ్రాన్స్ అధ్యక్షుడు ఓలాండ్ గ్వాడెలూప్‌లో నిలబడి, హైతీ బాకీ తీరుస్తానన్నారు. చప్పట్లు సద్దుమణగకముందే ఆయన పరివారం సవరించింది: అది నైతికమైన బాకీ, డబ్బు కాదు. వాయిదాల్ని నైతికంగా కట్టొచ్చని బోయేకు ఎవరూ చెప్పలేదు, పాపం.

2025 ఏప్రిల్ 17న, ఫర్మానాకు సరిగ్గా రెండు వందల ఏళ్లు నిండిన రోజున, రియోలో నోరుజారిన మాక్రాన్‌గారే విషయం పరిశీలించడానికి ఇరుదేశాల చరిత్రకారులతో కమిషన్ వేస్తామన్నారు. అప్పట్లోనూ పారిస్‌లో ఒక కమిషన్ వేశారు, తోటల దొరల్లో ఎవరికెంత పంచాలో తేల్చడానికి. అది పేరుపేరునా, తోటతోటకూ లెక్కగట్టి పెద్ద పెద్ద పుస్తకాలు అచ్చేసింది. డబ్బు జమైన ప్రభుత్వ ఖజానా సంస్థ ఇప్పటికీ పారిస్‌లో పనిచేస్తూనే ఉంది. కొత్త కమిషన్‌వారు పోర్టోప్రిన్స్ దాకా వెళ్లనక్కర్లేదు. మెట్రో టికెట్ చాలు.