మ్యూజియం మిగిలింది, మహల్ ఏదీ?

జగదేవ్‌పూర్‌లో బస్సెక్కిన బడిపిల్లలు హైదరాబాద్‌లో ముందు చూడాలనేది సాలార్‌జంగ్ మ్యూజియాన్నే. గడియారంలోంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడితే నోళ్లు తెరుస్తారు. తెరవాల్సిందే. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్న ముసుగు రెబెక్కా శిల్పం మీద మనం ఈగనైనా వాలనివ్వం. కానీ 1951 డిసెంబరు 16న నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించింది సాలార్‌జంగుల మహల్ దివాన్ దేవిడీలో. 1968లో సామానంతా కొత్త భవనానికి చేరింది, దేవిడీని దిక్కులేకుండా వదిలేశారు. ఇప్పుడక్కడ పాత ద్వారాలు దాటితే దుకాణాలే. సాలార్‌జంగులు కాపురమున్న ఇల్లు వాళ్ల కప్పూసాసర్ల పాటి చెయ్యలేదన్నమాట!

ఇరుకైంది, మార్చక తప్పలేదంటారా? ఒప్పుకుంటాం. సామాను మార్చడం తప్పని ఎవరన్నారు, ఖాళీ చేసిన ఇంటిని గాలికొదలడం గురించే ఈ గొడవంతా. పాత కట్టడాలు నిలబెట్టాలంటే డబ్బు మంచినీళ్లలా ఖర్చవుతుందనే వాళ్లు ఒక్కసారి చౌమహల్లాకు వెళ్లి రావాలి. మరమ్మతు చేసి, టికెట్ పెట్టి చూపిస్తున్నారు, 2010లో యునెస్కో అవార్డూ వచ్చింది. పురానీ హవేలీలో ఆరో నిజాం బట్టల బీరువా, అదీ ఓ గది కాదు, ఓ వీధంత పొడవుది, ఉన్నచోటే ఉంది. అక్కడి నిజాం మ్యూజియంలో 2018లో బంగారు టిఫిన్ క్యారియర్ పోతే పోలీసులు ఊరంతా గాలించి పట్టుకొచ్చారు. అంత పెద్ద దేవిడీ పోయింది, దాన్ని వెతకడానికి ఏ ఠాణా వాళ్లను పంపాలి?