పంచదార మానేసిన బాబాయ్

మా బాబాయ్ పంచదార మానేశాడు. ఈ సంగతి మీకింకా తెలీదంటే మీరు మా వీధిలో ఉండడం లేదన్నమాట. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే "అమ్మాయ్, నా టీలో పంచదార వెయ్యకు" అని లోపలికి కేకేస్తాడు. టీ పెడతామని ఎవరూ అనలేదు. మా ఆవిడ అప్పటికి డాబా మీద బట్టలారేస్తోంది.

ఆ టీ తాగడం చూసి తీరాలి. మొదటి గుక్కకి కళ్ళు మూతపడతాయి, మొహం ముడుచుకుంటుంది. గరళం మింగిన శివుడు కూడా పక్కవాళ్ళు చూస్తున్నారో లేదో అంత జాగ్రత్తగా గమనించి ఉండడు. "అలవాటైపోయిందిరా" అంటాడు. అంటూనే బిస్కెట్ల డబ్బా దగ్గరికి లాక్కుంటాడు. ఒకటి ముంచుతాడు, అది మెత్తబడి కప్పులో జారిపోయేలోపు ఒడుపుగా నోట్లో వేసుకుంటాడు. అలా అయిదు. అడుగున మిగిలిన ముద్దని చెంచాతో తీసి తింటాడు. పంచదార కలిపే పని పోయిన చెంచాకి ఆ ఉద్యోగమన్నా దొరికింది.

ఓరోజు ప్యాకెట్ తిరగేసి చూపించాను. వాడిన దినుసుల్లో బరువెక్కువున్నదాన్ని ముందు రాస్తారు. మైదా తర్వాత పంచదారే ఉంది, కాస్త కిందికెళ్తే ఇన్వర్ట్ సిరప్. బాబాయ్ కళ్ళజోడు సవరించుకుని పంచదార పక్కనుంచి జాగ్రత్తగా దాటేసి, "సిరప్ అంటే మందేగా" అని ఆరోది తీశాడు.

ఆత్రేయపురం నుంచి పూతరేకులొచ్చిన రోజున మాత్రం ఆయన నిష్ఠ చూసి ముచ్చటేసింది. "పంచదారవా, బెల్లంవా?" అని రెండుసార్లు ఆరా తీశాడు. బెల్లంవని తేలాక, పొరల ముక్కలు చొక్కా మీద రాలకుండా గడ్డం కింద ఎడమచెయ్యి పట్టి మూడు లాగించాడు. "బెల్లంలో ఐరన్ ఉంటుందిరా!" ఉంటుంది, కాదనను. కానీ బెల్లంలో చాలా భాగం సుక్రోజే, పంచదారా అదే. ఐరన్ కోసం అంత బెల్లం తినడం మేకు కావాలని తలుపు కొనుక్కోవడం లాంటిది.

ఇక పరగడుపున నీళ్ళలో రెండు చెంచాల తేనె. అడిగితే, అది ప్రకృతి అంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో తేనె, పళ్ళరసం కూడా పంచదార లెక్కలోకే వస్తాయి. వీలైతే ఇవన్నీ కలిపి మొత్తం కేలరీల్లో 5 శాతం లోపే ఉండాలట, పెద్దవాళ్ళకి రోజుకి సుమారు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. బాబాయ్ రెండు పూటలా టీలో మానేసింది నాలుగు చెంచాలు, 16 గ్రాములు. మొన్న పెళ్ళిలో తాగిన 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులోనే 30 గ్రాములు దాటి ఉంటుంది. "అది డ్రింకురా, స్వీటు కాదు" అన్నాడు.

ఈ లెక్కలన్నీ నేను రెండు చెంచాలేసిన టీ తాగుతూ కట్టాను. ఆయనలా టీలో మానేద్దామని చూసి రెండో రోజే చేతులెత్తేశాను కాబట్టి, ఆ మేరకు బాబాయ్ నాకంటే గట్టివాడే.

పిన్ని ఏమీ అనదు. మొన్న మాత్రం సరుకుల చీటీ నా చేతికిచ్చి, కొట్లో ఇచ్చి రమ్మంది. నెలకి రెండు కిలోల పంచదార కాస్తా కిలో అయింది. దాని కింద అనకాపల్లి బెల్లం, మూడు కిలోలు.