చేతులెక్కడ పెట్టుకోవాలి?

మనిషికి రెండే చేతులన్నది ప్రజెంటేషన్ ఇవ్వనివాళ్ల అభిప్రాయం. పదిమంది ముందు నిలబడి, వెనక తెరమీద స్లైడు వెలిగిన మరుక్షణం ఎక్కణ్నుంచో ఇంకో నాలుగు పుట్టుకొస్తాయి. జేబులో పెట్టుకుంటే పొగరంటారు. కట్టుకుంటే అలిగాడంటారు. వెనక్కి పెట్టుకుంటే హెడ్మాస్టరు, ముందుకు జోడిస్తే ఆడపెళ్లివారి పెద్ద. పోనీ వదిలేద్దామంటే అవి ఊరుకోవు, ముక్కు దగ్గరికో మెడలో ఐడీ కార్డు దగ్గరికో వాటంతటవే బయల్దేరతాయి.

మా ఆఫీసు హైటెక్ సిటీ దగ్గర. ఏ అంతస్తులో చూసినా ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి ఏదో ఒకటి ప్రజెంట్ చేస్తూనే ఉంటారు. వాటిని కూర్చుని వినడమే నా ఉద్యోగంలో సగం.

ఆ అనుభవంతో చెబుతున్నాను, లేజర్ పాయింటర్ కనిపెట్టినవాడికి వక్తల మీద పాత కక్ష ఏదో ఉండి ఉంటుంది. చేతి వణుకు చేతిలోనే ఉంటే ఎవరికీ తెలియదు. ఈ పరికరం దాన్ని తెచ్చి గోడమీద ఎర్రచుక్కగా అందరికీ చూపిస్తుంది. మొన్న మా కుర్రాడొకడు మూడో త్రైమాసికం అమ్మకాలు చూపిద్దామని మీట నొక్కాడు. చుక్క అక్కణ్నుంచి జారి కంపెనీ లోగో చుట్టూ ఓ ప్రదక్షిణ చేసింది. ఇంతలో ఎవరో ఏదో అడిగితే కుర్రాడు ఇటు తిరిగాడు గానీ మీట వదల్లేదు. చుక్క వెళ్లి డైరెక్టరుగారి చొక్కా బొత్తాం మీద కూర్చుంది. ఆయన కిందికి చూసుకున్నారు. మేమూ చూశాం. ఆ త్రైమాసికంలో ఎంత అమ్మారో ఇవాళ ఎవరికీ గుర్తులేదు. ఆ బొత్తాం ఊడిపోయేట్టుందన్న సంగతి మాత్రం అందరికీ గుర్తుంది.

ఇలాంటివాళ్లను బాగుచేయడానికి మాకో ట్రైనర్ వస్తాడు. రాగానే బోర్డుమీద మూడంకెలు వేస్తాడు: 55, 38, 7. మనం చెప్పేదాంట్లో 55 శాతం ఒంటి కదలిక, 38 శాతం గొంతు, మాటల వాటా ఏడంటే ఏడు శాతమేనట! అదే నిజమైతే టీవీ మ్యూట్‌లో పెట్టి బడ్జెట్ ప్రసంగం చూసినా సగానికి పైగా పన్నులు మనకు తెలిసిపోవాలి. ఈ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో చేసిన ప్రయోగాలవి. విడి మాటల్ని రకరకాల గొంతులతో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, ఇష్టాయిష్టాలను జనం దేన్నిబట్టి పోల్చుకుంటారని చూశాడాయన. నా సూత్రం భావాల సంగతికే గానీ ప్రతి ప్రసంగానికీ అంటగట్టకండని తరవాత ఆయనే మొత్తుకున్నాడు. ఆ మొత్తుకోలు ట్రైనర్ల చెవిన పడలేదు. మాటలు ఏడు శాతమే కదా, బహుశా అందుకే.

నడుంమీద చేతులు వేసుకుని, కాళ్లు ఎడంగా పెట్టి కాసేపు నిలబడితే ఒంట్లో ధైర్యం పుడుతుందన్నది ఇంకో పాఠం. 2010లో 42 మంది మీద చేసిన ఓ పరిశోధన నుంచి పుట్టిన పాఠమది. ఆ పరిశోధన రాసిన ముగ్గురిలో ఒకరైన డేనా కార్నీ, ఆ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని 2016లో బహిరంగంగానే చెప్పేశారు. మా బాత్రూంలో అద్దాల ముందు మాత్రం ఇప్పటికీ ఒకరిద్దరు అలా నిలబడే కనిపిస్తారు. మా వీధి కొళాయి దగ్గర ఆ భంగిమకు వేరే అర్థం ఉంది. అక్కడ దాని ప్రభావాన్ని శంకించే సాహసం ఏ శాస్త్రవేత్తకూ లేదు.

శిక్షణ అయ్యాక పరిస్థితి ఇంకా విషమించింది. ‘వృద్ధి’ అన్నప్పుడు చెయ్యి పైకెత్తాలని చెప్పారు కదా, మాట వెళ్లిపోయాక చెయ్యి లేస్తోంది, డబ్బింగు సినిమాలో పెదవుల్లాగా. ముఖ్యమైన మాట ముందు ఆగమన్నారని ఒకాయన ఆగితే, నెట్ పోయిందేమోనని ఐటీవాళ్లు పరిగెత్తుకొచ్చారు. కళ్లలోకి చూడమన్నారని ఇంకొకరు అకౌంట్స్ ఆయన్నే గుచ్చిగుచ్చి చూస్తే, ఆయన పాపం ఆ సాయంత్రమే పాత వోచర్లన్నీ బయటికి తీశాడు.

భరతుడు నాట్యశాస్త్రంలో అభినయం నాలుగు రకాలన్నాడు. ఆంగికం, వాచికం ఎలా ఏడ్చాయో చూశారు. ఆహార్యానికి లోటులేదు, మే నెలలో కూడా కోటు తగిలించుకునే వస్తారు. ఇక సాత్త్వికమంటారా, అది మావాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. కొయ్యబారిపోవడం, చెమట, వణుకు, గొంతు పూడుకుపోవడం, ముఖం పాలిపోవడం, అన్నీ ఏ శిక్షణా లేకుండానే పలికిస్తారు. ప్రళయం, అంటే స్పృహ తప్పడం, శ్రోతలకు వదిలేస్తారు.

చేతుల సమస్యను బుర్రకథవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. కథకుడి భుజాన తంబుర, వేళ్లకు అందెలు. ఖాళీ ఉంటే కదా ఎక్కడ పెట్టుకోవాలన్న బెంగ! 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ పల్నాటి యుద్ధమో బొబ్బిలి యుద్ధమో ఎత్తుకుంటే స్లైడుతో పనేముంది? రౌద్రంలో గొంతు లేస్తుంది, చావు దగ్గర దిగుతుంది, అడుగూ దాన్నిబట్టే పడుతుంది. పక్కన ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. జనానికి రాబోయే సందేహాన్ని వాళ్లే ముందు అడిగేస్తారు. మా ఆఫీసులోనూ వంతలకు కొదవలేదు గానీ, వాళ్లు బాసు తానా అన్నప్పుడే తందానా అంటారు. జూనియర్ మాట్లాడుతుంటే ఫోన్లు చూసుకుంటారు.

అయితే నాజర్‌కు ఉన్న సౌకర్యం మావాళ్లకు లేదని ఒప్పుకోవాలి. ఆయన కథలో మనుషులున్నారు. ‘వనరుల సమర్థ వినియోగం ద్వారా సమగ్ర విలువ సృష్టి’ అన్న వాక్యాన్ని ఏ గొంతుతో చెప్పాలి? ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి? హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారి చేతికిచ్చినా, చిరతలు పక్కనపెట్టి మంచినీళ్లు అడిగేవారు.

నేను చూసినవాళ్లలో బాగా చెప్పింది మా సెక్యూరిటీ సూపర్‌వైజర్. ఫైర్ డ్రిల్ గురించి రెండు ముక్కలు చెప్పమంటే వచ్చి నిలబడ్డాడు. “సైరన్ మోగంగనే మీరందరు లిఫ్ట్ దిక్కు ఉరికిన్రు సార్” అని చేత్తో మావైపే చూపించాడు. రెండు అరచేతులూ దగ్గరికి తెచ్చి తలుపు మూశాడు. “నిజంగ మంట అంటుకుంటే నడిమిట్ల ఆగిపోతది.” అప్పుడు గొంతు తగ్గించాడు. “ఇగ పిలిచినా ఎవ్వలికి ఇనబడది.” హాలంతా ముందుకు వంగింది. ఆ మనిషికి మెహ్రాబియన్ తెలియదు, పాయింటర్ లేదు. జనం మెట్లమీంచి దిగాలన్న ఆత్రం ఉంది, అంతే. ఆ సాయంత్రం నేనూ మెట్లమీదే దిగాను, ఏడంతస్తులు.

ఆన్‌లైన్ మీటింగుల జోలికి వెళ్లను. అందరూ కెమెరాలు ఆపేసుకున్నాక ఒంటి భాష ఎవరికి? అక్కడ మిగిలింది “నా గొంతు వినిపిస్తోందా అండీ?” ఒక్కటే.

రేపో మాపో ప్రజెంటేషన్ ఇవ్వబోయేవారికి ఒక శ్రోతగా నా మనవి. చేతులు మీ ఇష్టం, ఎక్కడైనా పెట్టుకోండి. స్లైడుమీద ఉన్నది మాత్రం అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించకండి, మాకూ చదువొచ్చు. క్యాంటీన్‌లో పెరుగన్నం పెట్టిన రోజైతే మధ్యాహ్నం రెండింటికి అసలు మొదలుపెట్టకండి. ఆ పూట నాజర్ దిగివచ్చినా మమ్మల్ని లేపలేడు.