తక్కువ తిరిగిన బండి, వెనక్కి తిరిగిన మీటరు

పది టైర్ల లారీ. ఆరేళ్ళ పాతది. మీటరు మీద లక్షా ఇరవై వేల కిలోమీటర్లు. కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు, ముందు ఎర్రటి మిరపకాయలతో నిమ్మకాయ దండ. బ్రోకరు క్యాబిన్ తలుపు మీద అరచెయ్యి వేసి ప్రమాణం చేస్తాడు. "సింగిల్ ఓనరన్నా. తిరిగిందే ల్యా. నేను సెప్పేదేముంది, మీటరు నువ్వే సూడు."

చూద్దాం. లెక్క కూడా వేద్దాం.

ఆరేళ్ళంటే దాదాపు 2,190 రోజులు. రోజుకు 55 కిలోమీటర్లు. అంటే అనంతపురంలో బయల్దేరితే ఇంచుమించు తాడిపత్రి దాకా. తిరిగి రావడానికి మీటరు ఒప్పుకోదు. రాత్రికి అక్కడే పడుకుని తెల్లారి రావాలి. చీనీకాయల లోడుతో ఒక్కసారి ఢిల్లీ పోయొస్తేనే నాలుగు వేల కిలోమీటర్లకు దగ్గరవుతుంది. ఈ బండి మాత్రం ఆరేళ్ళూ ఊళ్ళోనే వాకింగ్ చేసిందట. అలా నడిపి నెలనెలా కిస్తీ కట్టి, డ్రైవరుకు బత్తా ఇచ్చి, ఇన్సూరెన్సు కట్టి, పర్మిట్ కట్టి, ఇంకా అప్పుల పాలు కాని ఆ ఓనరు ఎవరండీ? ఆయన్ను పట్టుకొచ్చి ఐఐఎంలో పాఠాలు చెప్పించరేం?

కాస్త కిందికి చూడండి. క్లచ్ పెడల్ మీద రబ్బరు అరిగి ఇనుము మెరుస్తోంది. గేరు రాడ్డు గుండు నున్నబడింది. స్టీరింగు మీద చేతులు పట్టుకునే చోట గుంటలు పడ్డాయి. లక్షా ఇరవై వేలకే ఇంత అరుగుదలా? డ్రైవరు పాదాలకు ఆకురాళ్ళు కట్టుకుని తోలాడా?

ఇంకా నమ్మకం కుదరకపోతే స్కానరున్న మెకానిక్‌ను పిలవండి. ఈ కాలపు బండ్ల ఇంజిన్‌కు ఒక కంప్యూటరు ఉంటుంది. ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చాలా బండ్లలో అది గుర్తుపెట్టుకుంటుంది. తొమ్మిది వేల గంటలని చూపించిందనుకోండి. లక్షా ఇరవై వేలను తొమ్మిది వేలతో భాగించండి. గంటకు 13 కిలోమీటర్లు! గ్రానైటు క్వారీలో తిరిగిన టిప్పరైతే సరే, ఒప్పుకుందాం. లాంగ్ రూటు బండి జాతీయ రహదారి 44 మీద గంటకు 13 కిలోమీటర్లతో పోయిందా? వెనకాల హారన్లు కొట్టినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారా?

ఇక సర్వీసు బుక్కు. మొదటి మూడు సర్వీసులకు కంపెనీ ముద్రలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఫ్రీ సర్వీసులు కదా, ఎవరు వదులుకుంటారు? ఆ తర్వాత తెల్లకాగితం. రెండేళ్ళు ఆయిల్ మార్చినట్టు లేదు, ఫిల్టరు మార్చినట్టు లేదు, గ్రీసు పెట్టినట్టు లేదు. ఏమైందని అడిగితే బ్రోకరు దగ్గర జవాబు సిద్ధం. "కరోనా కదన్నా!" ఖాళీ మొదలైంది 2022లో. లోకమంతా వదిలేసి పోతూపోతూ కరోనా ఈ ఒక్క లారీ దగ్గర రెండేళ్ళు ఆగిందన్నమాట.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. సర్వీసు బుక్కులో ఖాళీ ఉన్న ప్రతివాడూ దొంగ కాడు. వారంటీ అయిపోయాక కంపెనీ షెడ్డు గడప తొక్కే స్తోమత ఒంటి బండి ఓనరుకు ఎక్కడిది? ఆటోనగర్ మేస్త్రీ దగ్గరికి పోతాడు. అతను పని బాగానే చేస్తాడు, బిల్లు మాత్రం సిగరెట్ పెట్టె అట్ట మీద రాస్తాడు. ఆ అట్ట మరుసటి వారానికి ఉండదు. పేదవాడి ఖాళీ డబ్బుల్లేక పుట్టింది. పెద్దవాడి ఖాళీ దాచిపెట్టడానికి పుట్టింది. కొనేవాడికి రెండూ ఒకేలా తెల్లగా కనిపిస్తాయి. అదే అసలు దగా.

మీటరు నిజమే చెబుతుంటే? అనంతపురంలో అదీ సాధ్యమే. ఇక్కడ వాన తప్పితే వేరుశనగ తప్పుతుంది. కాయ లేకపోతే లోడు లేదు. లోడు లేకపోతే లారీ పెట్రోలు బంకు పక్కన నిలబడుతుంది. 2023 ఖరీఫ్‌లో రాష్ట్రంలో 103 మండలాలను కరవు మండలాలని ప్రకటించారు. అన్ని జిల్లాల కన్నా ఎక్కువ మండలాలు మన జిల్లావే. పంట రుణం వాయిదా వేస్తామన్నారు. లారీ కిస్తీ వాయిదా వేస్తామని ఎవరైనా అన్నారా? కరవు రైతుకు ప్రకటిస్తారు, రైతు పంట మోసేవాడికి ప్రకటించరు. మూడు కిస్తీలు తప్పగానే ఫైనాన్స్ కంపెనీ మనుషులు వచ్చి తాళం చెవి లాక్కుంటారు. యార్డులో ఎండకు బండి ఎండుతుంది. టైర్లు బీటలు వారతాయి. ఆయిల్ సీళ్ళు గట్టిపడి పగులుతాయి. డీజిల్ ట్యాంకులో తుప్పు దిగి ఇంజెక్టర్లను పట్టుకుంటుంది. బ్రేకుల గాలి పైపులు పెళుసెక్కుతాయి. ఏడాదిన్నర తర్వాత అదే బండి వేలంలో పోయి, నీళ్ళతో కడిగించుకుని, "తక్కువ తిరిగిన బండి" అనే బిరుదుతో మన ముందుకొస్తుంది. నిజమే, తిరగలేదు. తిరగకపోవడమే దాని జబ్బు.

మరి ఈ బండి నిజంగా ఎంత తిరిగిందో ఎవరికీ తెలియదా? తెలుసు. బాగా తెలుసు. సర్కారుకు తెలుసు.

2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. గుత్తి దగ్గర కాసేపల్లి టోల్‌గేటు దాటినా, రాప్తాడు పక్కన మరూరు టోల్‌గేటు దాటినా తేదీ, గంట, నిమిషంతో సహా డబ్బు కోస్తారు. 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లులు. లారీ నంబరుతో సహా ఎక్కడి సరుకు ఎక్కడికి పోయిందో అందులో ఉంది. ఎక్కడో నాగ్‌పూర్ దగ్గర సీటు బెల్టు పెట్టుకోలేదని వేసిన చలానా ఏళ్ళు గడిచినా ఫోన్లో మెరుస్తూనే ఉంటుంది. ఇంత గొప్ప జ్ఞాపకశక్తి ఉన్న ప్రభుత్వం ఇచ్చే ఆర్సీలో ఒక్క గడి లేదు. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందనే గడి! వసూలుకు ఏనుగంత జ్ఞాపకం. కొనేవాడికి సాక్ష్యం చెప్పమంటే మాత్రం మతిమరుపు. పదివేలు టోలు తీసుకున్నవాడికి బండి కనిపించింది, పది లక్షలు అప్పు చేసి కొనేవాడికి కనిపించకూడదా?

ఈ మతిమరుపు ఎంతదాకా పోతుందో తెలియాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. మన తాడిపత్రి చాలు.

2017 మార్చి 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏప్రిల్ 1 నుంచి పాత కాలుష్య ప్రమాణాల బీఎస్-3 బండ్లు అమ్మకూడదు, రిజిస్టర్ చేయకూడదు. అప్పటికి దేశంలో కంపెనీల దగ్గర మిగిలిపోయినవి 8 లక్షలకు పైనే. రెండు రోజులు షోరూముల ముందు జాతర. అయినా మిగిలిన లారీల సంగతేమిటి? తుక్కు కింద అమ్మారు. తుక్కు అంటే మీకూ నాకూ కోసి కిలోల లెక్కన అమ్మే ఇనుము. పోలీసుల కేసు ప్రకారం మాత్రం, అశోక్ లేలాండ్ దగ్గర అలా కొన్న 154 లారీలు నాగాలాండ్ రాజధాని కోహిమాలో పునర్జన్మ ఎత్తాయి. బీఎస్-3గా చచ్చి బీఎస్-4గా పుట్టాయి. ఇన్‌వాయిస్‌లు ఫోర్జరీ అని ఆరోపణ. అక్కడి నుంచి ఎన్‌వోసీ పట్టుకుని కొన్ని నేరుగా అనంతపురం చేరాయి. జటాధర ఇండస్ట్రీస్, సి.గోపాల్ రెడ్డి అండ్ కో అనేవి కేసులో వినిపించిన పేర్లు. ఇదే కేసులో 2020 జూన్ 13న తాడిపత్రి మాజీ ఎమ్మెల్యే జేసీ ప్రభాకర్ రెడ్డినీ, కొడుకు అస్మిత్ రెడ్డినీ అరెస్టు చేశారు. 2022 నవంబరులో ఈడీ రూ.22.10 కోట్ల ఆస్తుల్ని అటాచ్ చేసింది. ఇదంతా రాజకీయ కక్ష అని వాళ్ళ మాట. ఎవరు దోషి అన్నది తేల్చాల్సింది కోర్టు, నేను కాదు. జనం తీర్పు వేరే ఉంటుంది. తండ్రి 2021లో తాడిపత్రి మున్సిపల్ ఛైర్మన్ అయ్యాడు, కొడుకు 2024లో ఎమ్మెల్యే అయ్యాడు.

నా ప్రశ్న వాళ్ళను గురించి కాదు. కోహిమా కౌంటరు మొదలుకుని అనంతపురం కౌంటరు దాకా ఆ కాగితాల మీద ముద్రలు వేసిన చేతుల్ని గురించి. ఛాసిస్ నంబరు చూస్తే బండి ఏ నెల, ఏ సంవత్సరం తయారైందో తెలుస్తుంది. కంపెనీకి ఒక ఫోన్ కొడితే అది బీఎస్-3నా, బీఎస్-4నా తెలుస్తుంది. ఒంటి బండి ఓనరు ఎఫ్‌సీకి పోతే వెనక రిఫ్లెక్టరు స్టిక్కరు అంగుళం తక్కువైందని వెనక్కి పంపే కళ్ళు అవే కదా? అంగుళం స్టిక్కరును పట్టుకున్న డేగ చూపుకు 154 లారీలు ఎలా ఆనలేదు? అనంతపురం నుంచి కోహిమాకు మూడు వేల కిలోమీటర్ల పైమాట. వేరుశనగ మోసే లారీకి నాగాలాండ్ ఎందుకు పుట్టిల్లయిందని ఒక్క గుమాస్తాకైనా అనుమానం రాలేదా?

అది పాత కథ అంటారా? 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర, ఇదే 44వ నంబరు రోడ్డు మీద, హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు తగలబడింది. 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఆ బస్సు తిరిగేది తెలుగు నేల మీద. పుట్టింది డామన్‌-డయ్యూ రికార్డుల్లో. తర్వాత ఒడిశాలోని రాయగడకు మారింది. బండ్లకు తీర్థయాత్రలు, కాగితాలకు పుష్కర స్నానాలు. మునిగి లేస్తే అన్ని పాపాలూ పోతాయి కదా! తర్వాత నాలుగు రోజులు ఆర్టీవోల తనిఖీలు, టీవీల ముందు జరిమానాల లెక్కలు. అయిదో రోజు?

రూల్సు లేవని మాత్రం అనకండి. దండిగా ఉన్నాయి. పాత బండ్లు అమ్మే డీలరు రవాణా శాఖ నుంచి ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలని కేంద్రం 2022 డిసెంబరులో రూలు పెట్టింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. తన దగ్గరున్న బండి ఎక్కడికి, ఎందుకు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో డీలరు ఎలక్ట్రానిక్ రిజిస్టరులో రాయాలట! మీ ఊరి బైపాస్ పక్కన యార్డులో ఆ సర్టిఫికెట్ గోడకు వేలాడుతుండగా ఎప్పుడైనా చూశారా? అక్కడ గోడే లేదు కదా సామీ. వేపచెట్టు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఓనరు ముందే సంతకాలు పెట్టిచ్చిన ఖాళీ 29, 30 ఫారాలు. అంతే ఆఫీసు.

ఇంకోటి. భారీ సరుకు వాహనాల ఫిట్‌నెస్ మనిషి చేత్తో కాకుండా ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలోనే చూడాలన్నారు. గడువు 2023 ఏప్రిల్ 1. ఆ తేదీ వచ్చేసరికి 2024 అక్టోబరు 1కి జరిపారు. లారీ కిస్తీ ఒక్క నెల జరపమంటే జరుపుతారా? చెక్ బౌన్సు కేసు పెడతారు. సర్కారు గడువు మాత్రం రబ్బరు సాగినట్టు సాగుతుంది.

నష్టపోయేది ఎవరు? పదిహేనేళ్ళు ఇంకొకరి బండి తోలి, భార్య మెడలోది బ్యాంకులో పెట్టి, సొంత బండి అనే ఆశతో యార్డుకు వచ్చిన డ్రైవరు. పెనుకొండ ఘాటులో బ్రేకు పట్టకపోతే చచ్చేది అతనే. "చూసుకుని కొనాలప్పా" అని నీతులు చెప్పేది మాత్రం చూడ్డానికి జీతం తీసుకుని చూడనివాళ్ళు.

కాబట్టి ఓ మాట, ఈ వారం బండి చూడ్డానికి పోతున్నవాళ్ళకు. మీటరు చూడకండి, పెయింటు అసలే చూడకండి. టైరు అంచు మీద నాలుగంకెల సంఖ్య చదవండి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైన టైరు. అది ఇంకా బండి కింద ఉందంటే బండి నిలబడైనా ఉండాలి, ఓనరు అబద్ధమైనా చెప్పాలి. ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోయిందో లేదో సొంత కళ్ళతో చూడండి. వేరే రాష్ట్రం ఎన్‌వోసీ అయితే, ఇన్‌వాయిస్ తేదీతో బీఎస్ నంబరు కుదురుతుందో లేదో కంపెనీనే అడగండి. అన్నిటికన్నా ముందు, ఫాస్టాగ్ ఖాతా స్టేట్‌మెంట్ ఇమ్మని ఓనరును అడగండి. అతని బ్యాంకు నుంచి రెండు నిమిషాల్లో వస్తుంది. సర్వీసు బుక్కు తెల్లగా ఉన్న నెలల్లో బండి మరూరు గేటు ఎన్నిసార్లు దాటిందో అందులో ఉంటుంది. మోసపోతే, సొంత జీవనోపాధికి కొన్న ఒక్క బండి ఓనరు వినియోగదారుడేనని 2019 చట్టం చెబుతోంది. అనంతపురంలో వినియోగదారుల కమిషన్ ఉంది. బ్రోకరు మాట్లాడింది రికార్డు చేసుకుని, అడ్వాన్సు ఇచ్చిన రసీదు పట్టుకుని పోండి.

స్టేట్‌మెంట్ ఇవ్వనన్నాడా? టీ తాగించినా సరే, అడ్వాన్సు ఇవ్వకుండా లేచి వచ్చెయ్యండి.